ఎడమచేతి సకినాలు

ఐదో తరగతి పిల్లలకు పాసివ్ వాయిస్ పెట్టాలన్న ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ మహానుభావుడు ఒక్కసారి నా క్లాసుకు వచ్చి, నలభై మంది ముందు నిలబడి, తానే చెప్పి పోవాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక. పదకొండేళ్ల నుంచి చెబుతున్నాను. మొదటి ఏడేళ్లు అందరిలాగే చెప్పాను. బోర్డు మీద ‘రామా కిల్డ్ రావణా’ అని రాయడం, దాని కింద ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ అని రాయడం, ఇటుది అటు, అటుది ఇటు అని రెండు బాణాలు గీయడం, చేతులు దులుపుకోవడం. పిల్లలు కూడా బాణాలు చక్కగా గీసేవాళ్లు. నేను మార్కులు వేసేదాన్ని. ఒక పిల్ల ‘ఐ ఈట్ మ్యాంగో’ను ‘మ్యాంగో ఈట్స్ మీ’ అని మార్చింది. బాణాలు మాత్రం ఎక్కడా తప్పలేదు.

మాది వరంగల్‌లో ఒక ప్రైవేటు స్కూలు. నాలుగు బ్రాంచీలున్నాయి. మట్టెవాడలో మా ఇంటి నుంచి పొద్దున షేరింగ్ ఆటోలో పోతాను. పిల్లల్లో సగం బజారులో దుకాణాలున్న వాళ్ల పిల్లలు, సగం చుట్టుపక్కల ఊళ్ల నుంచి స్కూల్ వ్యాన్లలో వచ్చేవాళ్లు. ఇంగ్లీష్ వాళ్లకు స్కూలు గేటు దగ్గర మొదలై సాయంత్రం అదే గేటు దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

తొర్రూరు దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకునే పిల్ల ఒకతి ఉండేది. ఒకరోజు లేచి నిలబడి, "మేడం, చంపింది రాముడే గద. మరి ఆయనను తీస్కపోయి ఎనుకకు నిలవెట్టుడు ఎందుకు?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నాకు జవాబు తెలియలేదు. తెలియనప్పుడు టీచర్లందరం చేసే పనే నేనూ చేశాను. "ఎక్కువ మాట్లాడకు, రాస్కో" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని రాసుకుంది. ఇంటికి వచ్చి అన్నం తింటున్నా ఆ వంచిన తలే గుర్తొచ్చింది. సిగ్గేసింది.

జవాబు మా పక్కింట్లో దొరికింది. వాళ్లింట్లో సకినాలు చేస్తున్నారు. సకినాల పని ఒక్కరి వల్ల కాదు. బియ్యం నానబెట్టాలి, వడకట్టాలి, తడి బియ్యం పిండి పట్టించాలి, నువ్వులు, ఓమ కలపాలి, నూలు బట్ట పరిచి దాని మీద వేళ్లతో మెలితిప్పుతూ గుండ్రంగా మూడు నాలుగు చుట్లు చుట్టాలి, ఆరాక నూనెలో వేయాలి. అందుకే వాడకట్టులోని ఆడవాళ్లంతా వచ్చి కూర్చుంటారు. ఆ ఇంటి ముసలమ్మ మంచం మీద నుంచి కదలకుండా ఒకటే అడుగుతున్నది. "బియ్యం నానినయా? పిండి పట్టిచ్చుడు అయిందా? నువ్వులు కలిసినయా?" ఎవరు నానబెట్టారు, ఎవరు పట్టించారు అని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె ధ్యాసంతా బియ్యం మీదే ఉంది, మనుషుల మీద లేదు. ఓయమ్మా, ఇదే కదా నేను ఏడేళ్లుగా చెప్పలేకపోయింది అనుకున్నాను.

మర్నాడు డబ్బాల్లో నానిన బియ్యం, తడి పిండి, నువ్వులు, కొంచెం కలిపిన పిండి ముద్ద, నాలుగు కాల్చిన సకినాలు పట్టుకుని క్లాసుకు పోయాను. ఒక్కో డబ్బా మూత తీసి చూపిస్తూ, ద రైస్ ఈజ్ వాష్డ్, ద రైస్ ఈజ్ సోక్డ్, ద రైస్ ఈజ్ గ్రౌండ్ అంటూ పోయాను. బాణాల్లేవు, రాముడు లేడు, రావణుడు లేడు. పిల్లలు నాకంటే ముందే అనేస్తున్నారు. చివర నేనే బల్ల మీద బట్ట పరిచి ఒక సకినం చుట్టి చూపించాను. "ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరు చేశారో చెప్పాలంటే ఎట్లా?" అంటే, తొర్రూరు పిల్ల గట్టిగా, "బై మేడం!" అని అరిచింది. తరవాత కూర్చుంటూ పక్కపిల్లతో, "ఇప్పటిదాంక బియ్యం ముచ్చట, గిప్పుడు మేడం ముచ్చట" అన్నది. అంత తేలిగ్గా నేను కూడా చెప్పలేను. అప్పటి నుంచి నాలుగేళ్లు ప్రతి ఏడూ ఆ పాఠం అట్లాగే చెప్పాను. ఇరవై ఏళ్ల చదువులో, ఉద్యోగంలో, ఇది నాది అని చెప్పుకోగలిగింది ఆ ఒక్క పాఠమే.

ఇక్కడ నా చేతి సంగతి చెప్పాలి. నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మా అమ్మ కొట్టి కొట్టి అన్నం తినడం, రాయడం కుడిచేతికి మార్చింది గానీ, వేళ్లతో చేసే సన్నపని ఏదైనా ఎడమ చేతికే పోతుంది. సకినాలు ఎడమ చేత్తో చుడితే చుట్టు ఉల్టా తిరుగుతుంది. వంద సకినాల కుప్పలోంచి నావి నేను ఏరగలను. తినడానికి ఏ తేడా లేదు. కానీ శుభకార్యం అనేసరికి ఎడమ చెయ్యి అంటే అందరికీ గుబులే. మా అత్తగారు నన్ను పెళ్లిపనుల్లో కూరగాయలు కడగడానికి పంపేది గానీ పిండి ముట్టనిచ్చేది కాదు. "నువ్వు అటు కూసో బిడ్డా" అనే మాట ఎన్ని ఇళ్లల్లో విన్నానో లెక్కలేదు. నవ్వి లేచిపోయేదాన్ని. లోపల మాత్రం మండేది.

ఆ మాట ఎన్నడూ అననిది ఒక్కతే. నాతోపాటు అదే జూన్‌లో స్కూల్లో చేరిన టీచర్. నాకంటే ఐదారేళ్లు పెద్ద. అక్కా అనే పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. పదకొండేళ్లు స్టాఫ్‌రూములో పక్కపక్క కుర్చీలు. నా డబ్బాలో పప్పు ఆమెకు, ఆమె డబ్బాలో చింతకాయ తొక్కు నాకు. నాకు జ్వరమొస్తే నా క్లాసులు ఆమె చెప్పేది. ఆమె భర్త దవాఖానలో ఉన్నప్పుడు ఆమె క్లాసు పేపర్లు నేను దిద్దాను.

ఇద్దరికీ ఒకటే రోగం. ఇద్దరం టెంపరరీ. ఏప్రిల్‌లో పరీక్షలు కాగానే ఆఫీసులో, "జూన్‌ల ఫోన్ చేస్తం మేడం" అంటారు. మే అంతా ఆ ఫోన్ కోసం చూడటమే. పెళ్లికి పోయినా, బంధువుల ఇంటికి పోయినా ఫోన్ చేతిలోనే. ఒక ఏడు జూన్ పదో తారీకు దాకా రాలేదు. ఆ పది రోజులు మా ఇంట్లో ఎవరూ నా ముందు ఫోన్ ముచ్చట ఎత్తలేదు. పదకొండేళ్లు పిల్లలకు చదువు చెప్పి, నేను టీచర్‌నో కాదో ఎవరో ఫోన్ చేసి చెప్పేదాకా తెలియని బతుకు.

అట్లాంటప్పుడు నాలుగు బ్రాంచీలకు కలిపి ప్రైమరీ ఇంగ్లీష్ ఇన్‌చార్జ్ పోస్టు పెడుతున్నామన్నారు. పర్మినెంట్. జూన్ ఫోన్ బాధ ఉండదు. మా బ్రాంచి నుంచి మేమిద్దరం, ఇంకో బ్రాంచి నుంచి ఒకామె, మొత్తం ముగ్గురం. మా స్కూల్లో పద్ధతి ఏంటంటే డెమో క్లాసు చెప్పాలి. నిజం పిల్లలనే, మేం ఎన్నడూ చెప్పని వేరే బ్రాంచి వాళ్లను తెచ్చి కూర్చోబెడతారు. పక్కన కరస్పాండెంట్ సార్, ప్రిన్సిపాల్, హైదరాబాద్ నుంచి పిలిపించిన ఒక పెద్ద మేడం. మిగతా ఇద్దరు వెనక బెంచీలో కూర్చుని చూడొచ్చు. ముగ్గురికీ ఒకటే పాఠం ఇచ్చారు. ఐదో తరగతి, పాసివ్ వాయిస్.

కాగితం చూసి నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. అక్క నా భుజం మీద చెయ్యేసి, "ఎవరికొచ్చినా మనకొచ్చినట్టే చెల్లె" అన్నది. నేను అది నమ్మాను. నమ్మకేం చేస్తాను?

డెమోకు వారం ముందు ఆదివారం వాళ్లింటికి రమ్మన్నది. వాళ్ల బిడ్డకు ఐదో నెల పడ్డది. మా దిక్కు తల్లిగారింటి నుంచి గర్భిణి బిడ్డకు సకినాలు చేసి అత్తగారింటికి తీసుకుపోతారు. ఆ ఇంటివాళ్లు వాడకట్టంతా పంచుతారు. ఎంత బాగా చేశారు, ఎన్ని తెచ్చారు అని పదిరోజులు చెప్పుకుంటారు. తొలి చూలు కాబట్టి మరీను. అక్క అడిగినప్పుడు నేనే వెనకాడాను.

"అక్కా, నా చెయ్యి సంగతి ఎరుకే గద నీకు. శుభమాయె. వేరే పని ఏదన్న చెప్పు, చేస్త."

"నోర్ముయ్యి. నా బిడ్డ సకినాలకు నీ చెయ్యే పడాలె. ఎడమదో కుడిదో నాకు ఫికర్ లేదు" అన్నది.

ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నలభై మూడేళ్లకు ఒక మనిషి ఈ చేతిని శుభానికి పిలిచింది. ఆటోలో ఇంటికి పోతూ మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను. పొంగిపోయాననడంలో సిగ్గేమీ లేదు.

ఆదివారం పొద్దున్నే పోయాను. ఆరుగురు కావాల్సింది నలుగురమే ఉన్నాం. ఒకామెకు నడుం నొప్పి, ఇంకొకామె ఊరికి పోయింది. అక్క, ఆమె వదినె, పక్కింటామె, నేను. హాలంతా బట్టలు పరిచి కూర్చున్నాం. సకినాల దగ్గర కూర్చున్నవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు గానీ నోరు ఖాళీ. గంటలు గంటలు వంచిన తల ఎత్తకుండా మాట్లాడుతూనే ఉంటాం. మొగుళ్ల మీద కోపాలు, అత్తల మీద ఏడుపులు, ఎవరికీ చెప్పని రోగాలు, అన్నీ అక్కడ బయటికొస్తాయి. అక్కడి మాట గడప దాటదని ఎవరూ ఒట్టు పెట్టించుకోరు. అవసరం లేదనుకుంటారు. నేను చిన్నప్పటి నుంచి చూసింది అదే.

"డెమోకు ఏం చేస్తానవే?" అని అక్క తల ఎత్తకుండానే అడిగింది.

చెప్పాను. నా నోరు కాలిపోను, మొత్తం చెప్పాను. పాఠాన్ని సకినాలతో చెబుతానని ఆమెకు ముందే తెలుసు గానీ, ఎట్లా మొదలుపెడతానో, ఏ డబ్బా తరవాత ఏ డబ్బా తీస్తానో, ఎక్కడ ఆగి పిల్లల్ని అననిస్తానో, చివర నేనే ఒకటి చుట్టి ‘ఎవరు చేశారు’ అని ఎట్లా అడుగుతానో ఎన్నడూ వివరంగా చెప్పలేదు. ఆ రోజు పిండి చేతులతోనే చేసి చూపించాను. ఆమె వదినెకు ఇంగ్లీష్ ముక్క రాదు. ఆమెతోనే ‘ద రైస్ ఈజ్ సోక్డ్’ అనిపించాను. అందరం పడీ పడీ నవ్వాం. అక్క, "జర మళ్ల చెప్పు, ఆ ముసలమ్మ ముచ్చట" అన్నది. మళ్లీ చెప్పాను. "అబ్బ, ఏం తెలివే నీది" అన్నది. మురిసిపోయి ఇంకో రెండు వరసలు గబగబా చుట్టాను.

సాయంత్రానికి బుట్టలు నిండాయి. అందులో పావు వంతు నావే. ఉల్టా చుట్లవి మిగతావాటితో కలిసి కాలి, కలిసే బుట్టలోకి పోతుంటే ఏదో తృప్తి. ఆ అమ్మాయి తింటుంది, ఆ కడుపులో బిడ్డ తింటుంది అనుకున్నాను.

డెమో శనివారం. వరసలో మొదటి పేరు నాది. పొద్దున్నే అక్క నన్ను వరండాలో పక్కకు పిలిచింది. "చెల్లె, బిడ్డకు స్కానింగ్ ఉన్నది. పదకొండింటికల్ల దవాఖానకు పోవాలె. నేను ముందుగాల చెప్పి పోతనే. నువ్వు తరవాత చెప్పుకో." దానికేం భాగ్యం అన్నాను. నేనే ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, మేడమ్‌కు అర్జెంటు పని ఉంది, ముందు ఆమెను పిలవండి సార్ అని చెప్పాను. నేనే చెప్పాను! ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వెనక బెంచీలో కూర్చుని, నా సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. అక్క లోపలికి వచ్చింది. చేతిలో ఒక పెద్ద సంచి. బల్ల మీద డబ్బాలు ఒక్కొక్కటే పెట్టింది. మొదటి మూత తీసేదాకా నాకు అర్థం కాలేదు. నానిన బియ్యం. రెండో మూత, తడి పిండి. మా పక్కింటి ముసలమ్మను తన నాయనమ్మ అని చెప్పింది. మంచం మీద కూర్చుని ఆమె ఎట్లా అడిగేదో గొంతు మార్చి అడిగింది. పిల్లలు నవ్వారు. నేను ఎక్కడ ఆగుతానో అక్కడే ఆగింది. నేను ఎక్కడ చెయ్యి ఎత్తుతానో అక్కడే ఎత్తింది. చివర బట్ట పరిచి ఒక సకినం చుట్టింది. తరవాత ప్లేటు మీద కప్పిన రుమాలు తీసి, కాల్చిన సకినాలు పిల్లలకు చూపించింది.

వెనక బెంచీ నుంచి కూడా కనబడ్డాయి. అవి నావి. ఉల్టా చుట్లు.

హైదరాబాద్ మేడం చప్పట్లు కొట్టింది. ‘వండర్‌ఫుల్’ అన్నది. ఆఫీసు క్లర్కు ఫోన్‌తో ఆ ప్లేటు ఫోటో తీశాడు. అక్క వచ్చి వెనక బెంచీలో నాకు రెండు మూరల దూరంలో కూర్చుంది. నా వైపు చూడలేదు. స్కానింగ్ అన్నది, దవాఖాన అన్నది, ఆ తరవాత రెండు గంటలు అక్కడే కూర్చుంది.

నన్ను పిలిచారు. నా సంచిలో కూడా అవే డబ్బాలున్నాయి. అవి తీస్తే దొంగను నేనవుతాను. ఇది నా పాఠం అని అరవాలనిపించింది. అరిస్తే ఎవరు నమ్ముతారు? ఓడిపోయినామె ఏడుపు అంటారు. సంచి అక్కడే వదిలేసి ఖాళీ చేతులతో ముందుకు నడిచాను. చాక్‌పీస్ తీసుకున్నాను. చెయ్యి దానంతట అదే రాసింది, ‘రామా కిల్డ్ రావణా’ అని. నాలుగేళ్ల తరవాత మళ్లీ బాణాలు గీశాను. అప్పటిదాకా కేకలు వేసిన పిల్లలు నోట్‌బుక్కులు తీసి మౌనంగా రాసుకున్నారు. హైదరాబాద్ మేడం గడియారం చూసుకుంది.

మధ్యాహ్నానికే చెప్పేశారు. కరస్పాండెంట్ సార్, "సకినాల మేడమ్‌కు కంగ్రాట్స్" అన్నాడు. ఆ పిలుపు కూడా ఆమెకే పోయింది.

స్కూలు వదిలాక గేటు బయట ఆటోల దగ్గర ఆమెను పట్టుకున్నాను. అడగకపోతే చచ్చిపోతాననిపించింది.

"ఎందుకక్కా గిట్ల చేసినవ్?"

"ఏం చేసిన? నాకు మాత్రం అక్కర లేదా పోస్టు? ఆయనకు ఒంట్ల బాగలేకపాయె, బిడ్డ కాన్పు ముందలున్నది. నాకు మాత్రం జూన్ ఫోన్ బాధ లేదా?"

"అడిగితే నేనే ఇచ్చేదాన్ని. ఒక్క మాట అడగకపోయినవ్."

"ఇచ్చేదానివి కాదే" అన్నది. "నేనైనా ఇయ్యకపోదును. అయినా సకినాలు నీ ఒక్కదానియా? అందరం చేస్తం. నువ్వు చెప్పినవ్, నేను విన్న."

పాఠం పోతే పోయింది అనుకుని, నోటికొచ్చింది అడిగాను. "మరి ఆ ప్లేట్లయి? బిడ్డకు పంపిన వాటిల్లకెల్లి తీసినవా?"

అప్పుడు మొదటిసారి ఆమె తడబడింది. ఆటో వైపు చూస్తూ చెప్పింది. "అవి పంపలే. వియ్యపురాలు ఒక్కొక్కటి ఎత్తి చూసే మనిషి. ఉల్టా చుట్టినయి చూస్తే ఏమనుకుంటది? తొలి కాన్పాయె. నాకు భయమైంది. నువ్వు పోయినంక ఏరి పక్కకు పెట్టిన. ఇంట్ల ఉన్నయి గద అని డెమోకు తెచ్చిన."

"అన్నీ?"

"అన్నీ."

"మరి నీ చెయ్యే పడాలె అంటివి గద అక్కా."

"చుట్టెటోళ్లు తక్కువైన్రే" అన్నది. ఆటో ఎక్కి పోయింది.

పాఠం ఎత్తుకుపోయినప్పుడు ఒళ్లు మండింది. ఈ మాటకు మాత్రం మంట కూడా రాలేదు. మా అత్తగారు నన్ను ముఖం మీదే లేపి పంపేది. ఆమె మీద నాకు కోపం ఉంది గానీ ఆమె నన్ను మోసం చేయలేదు. ఈమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నవ్వించి, పొగిడి, రోజంతా నా చేత చేయించుకుని, నేను గడప దాటగానే ఒక్కొక్కటే ఏరి పక్కకు పెట్టింది. ఏరేటప్పుడు ఎంతసేపు పట్టి ఉంటుంది? పావు వంతు సకినాలు. ఒక్కసారైనా నా ముఖం గుర్తు రాలేదా? వచ్చే ఉంటుంది. వచ్చినా చెయ్యి ఆపలేదు.

జూన్‌లో నాకు ఫోన్ వచ్చింది, ఏడో తారీకున. మళ్లీ టెంపరరీ. మానేద్దామనుకున్నాను. మా ఆయన, "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటలో ఇంటి అవసరం వినబడింది. పోయాను.

ఇన్‌చార్జ్ మేడం నాలుగు బ్రాంచీలకూ లెసన్ ప్లాన్లు పంపింది. పాసివ్ వాయిస్ ప్లాన్ మొదటి పేజీలో ఆ ప్లేటు ఫోటో, కింద తయారుచేసిన వారుగా ఆమె పేరు. లోపల నా పాఠం, వరసగా, మూతలతో సహా. ‘టీచర్ క్లాసులో ఒక సకినం చుట్టి చూపించాలి’ అని కూడా ఉంది. పిల్లలకు ఫోటో ఉన్న ఆ పేజీ ఒక్కటే జిరాక్స్ తీసి తలా ఒకటి ఇవ్వాలట. అందినట్టు సంతకం పెట్టమని రిజిస్టర్ తెచ్చారు. పెట్టాను.

పోయిన నెల నా క్లాసు చూడటానికి వచ్చింది. ఇన్‌చార్జ్‌లు వచ్చి వెనక బెంచీలో కూర్చుని రిమార్కు రాయాలి, అది పద్ధతి. ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొంచెం లావయింది. నేను ఆమెను చూడకుండా పాఠం మొదలుపెట్టాను. డబ్బా తరవాత డబ్బా. పిల్లలు మంచి పిల్లలు, గొంతెత్తి అన్నారు. చివర బల్ల మీద బట్ట పరిచి, పిండి ముద్ద తీసుకుని చుట్టడం మొదలుపెట్టాను. కుడి చేత్తో చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కుడి చేత్తో నాకు రాదు. ఎడమ చేత్తోనే చుట్టాను.

ముందు బెంచీలో జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న పిల్ల ఒకతి నా సకినాన్ని చూసి, చేతిలో జిరాక్స్ కాగితం చూసి, మళ్లీ నా చేతిని చూసింది. వాళ్లమ్మ కూడా సకినాలు చేస్తుంది కాబోలు. టక్కున లేచి నిలబడింది.

"మేడం, ఫోటోల ఉన్నయి గూడ గిట్లనే ఉల్టా ఉన్నయి. అవి మీరు చేసినయేనా?"

అబద్ధం ఎందుకు చెప్పాలి? "అవును బిడ్డా. నేనే చేసిన" అన్నాను.

"ఎవరికోసం మేడం?"

"ఒక అక్కకు. ఆమెకు పాప పుట్టబోతుంటే పంపుదామని చేసినం."

"మరి ఆ అక్క తిన్నదా?"

నేను తల ఎత్తి వెనక బెంచీ వైపు చూశాను. ఆమె కూడా నన్నే చూస్తున్నది. ఆరు నెలల తరవాత మా ఇద్దరి చూపులు కలవడం అదే. "నాకు ఎరుక లేదు బిడ్డా. వెనుక మేడమ్‌కు తెలుసు. మేడమ్‌ను అడుగు" అన్నాను.

ఎర్ర రిబ్బన్ల పిల్ల వెనక్కి తిరిగింది. నలభై తలలూ తిరిగాయి.

నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట నిజం చెబితే చాలు, లేదా ఏమీ చెప్పకుండా తల వంచుకుంటే చాలు, నేను ఆమెను మళ్లీ అక్కా అని పిలిచేదాన్నేమో. ఆశ అంత పాడుది. ఆమె ఫైలు మూసింది. నవ్వింది, స్టాఫ్‌రూములో పదకొండేళ్లు నాతో నవ్విన నవ్వే.

"తిన్నది బిడ్డా" అన్నది. "చాన మంచిగున్నయన్నది. ఇంకిన్ని పంపుమన్నది."

పిల్లలంతా నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను పిండి చెయ్యి కడుక్కోవడానికి బయటికి వచ్చాను.